మా మనవరాలికి గుర్రపు స్వారీ వచ్చని రాసిన రోజు

"నాకు గుర్రపు స్వారీ ఎప్పుడొచ్చింది అమ్మమ్మా?"

"రాకపోతే నేర్చుకుంటావు. గట్టిగా అరవకు, రోడ్డు మీద ఉన్నాం."

"మరి వీణ? మనింట్ల వీణ బొమ్మున్న క్యాలెండర్ గూడ లేదు."

"క్యాలెండర్ లేనంత మాత్రాన విద్య లేదని ఎవరన్నారు? నడువు."

"నేను లోపలికి రాను. మేడమ్ అడిగితే నువ్వే గుర్రమెక్కి చూపించు."

మిట్టమధ్యాహ్నం కృష్ణానగర్ నుంచి జూబ్లీహిల్స్ ఎక్కే రోడ్డు మీద నేనూ, మా మనవరాలు హారికా ఇలా పోట్లాడుకుంటూ దాని కాలేజీకి నడుస్తున్నాం. ఆటో ఎక్కుదామని అది అంది. కాళ్లు దేవుడు నడవడానికే ఇచ్చాడని నేనన్నాను. నాయనలారా, అమ్మలారా, కాస్త సర్దుకుని కూర్చోండి. ఒక పిల్ల భవిష్యత్తును చక్కబెట్టబోయి దాన్ని ఒక్క కలంతో ఎలా కూలదోశానో చెబుతాను. బుల్డోజరు కూడా అంత శుభ్రంగా పని చెయ్యదు.

ఇది జరిగి పదేళ్లు దాటింది. అప్పుడు హారిక ఇంటర్ మొదటి సంవత్సరం. వాళ్లమ్మ, అంటే నా కూతురు, హీరోయిన్లకు జడలు అల్లే పని మీద షూటింగుల వెంట ఊళ్లు తిరుగుతుండేది. అందుకని పిల్ల నా దగ్గరే పెరిగింది. నేను నలభై ఏళ్లు సినిమా కాస్ట్యూమ్స్‌లో కుట్టుపని చేసినదాన్ని. ఊడిన గుండీని పారెయ్యను. వేళ్ల మధ్య నిలిచినంత కాలం పెన్సిలు పెన్సిలే అంటాను. నవ్వితే ఎక్కడ అరిగిపోతానో అన్నట్టు ఉంటానని మా వీధిలో నాకు పేరు.

ఆ ఏడు కాలేజీకి శకుంతల మేడమ్ అని ఒకావిడ కొత్తగా వచ్చింది. పాఠం చెప్పి గంట కొట్టగానే ఇంటికెళ్లే రకం కాదు. మొదటి సంవత్సరం పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి రెండో ఏడు ఎలా చదవాలి, ఏ పరీక్షలకు కట్టాలి, ఇంటర్ అయ్యాక ఏ దారి పట్టాలి అని మాట్లాడేది. అందుకోసం అందరికీ ఒక ఫారం ఇచ్చింది. అందులో 'నీకు ఏమేం వచ్చు, దేని మీద ఇష్టం' అని ఒక ప్రశ్న, దాని కింద ఎనిమిది గీతలు. వేసవిలో భూగర్భ శాస్త్రవేత్తలు నడిపే పదిహేను రోజుల శిబిరానికి కాలేజీ నుంచి ఒక్కరిని పంపాలి. ఆ ఒక్కరు ఎవరో ఈ ఫారాలు చూసే తేలుస్తుంది. ఆ ఒక్కరూ తనే కావాలని మా పిల్ల తిండి మీద కూడా ధ్యాస లేకుండా తిరుగుతోంది. నాకు మాత్రం చెప్పలేదు. చెబితే ఖర్చెంత అని అడుగుతానని భయం. అడిగేదాన్నే.

పిల్ల ఫారం బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లింది. పెద్దవాళ్ల సంతకం కావాలి కదా అని తీసి చూశాను. ఎనిమిది గీతల్లో మొదటిదాని మీద ఒకే ఒక్క మాట, 'రాళ్లు.' కింద ఏడు గీతలు ఖాళీ.

నా ఒళ్లు మండింది. డబ్బులిచ్చి అచ్చువేయించిన గీతలు ఏడు దండగ. పైగా రాళ్లేమిటి? నాకు తెలిసిన రాళ్లు రెండు రకాలు. మేం బట్టలారేసుకునేవి ఒక రకం. ఫిల్మ్‌నగర్ సెట్లలో థర్మోకోల్‌తో చేసి రంగు పూసేవి రెండో రకం. విలన్ ఎత్తి విసిరితే అవి హీరో ఛాతీకి తగిలి గాలికి కొట్టుకుపోతాయి, వెనకాల వాటిని ఏరుకోవడానికి ఒక మనిషి పరిగెడతాడు. ఈ రెండింటిలో దేని గురించి చదువుతుంది? చదివి ఎవరికి చెబుతుంది?

ఇక్కడ సినిమా పనివాళ్లుండే మా కృష్ణానగర్ రివాజు ఒకటి మీరు తెలుసుకోవాలి. షూటింగులకు మనుషుల్ని కుదిర్చే ఏజెంటు వచ్చి ఫలానాది వచ్చా అని అడిగితే 'వచ్చు' అనాలి. ఏమిటని అడగడం కూడా తర్వాతే. 'రాదు' అన్నవాడి మొహం ఏజెంటు మళ్లీ చూడడు. మా పక్క గదిలో ఉండే ఫైటరొకాయన ఈత వచ్చని చెప్పి షూటింగులో చెరువులో దూకాడు. నలుగురు కలిసి ఒడ్డుకు లాగాక, నీళ్లు కక్కుతూనే 'వన్ మోర్' అన్నాడు. ఆ తర్వాత పదేళ్లు ఆయనకు పని తప్పలేదు. అంతెందుకు, నా తొలిరోజున నన్ను మరాఠీ కట్టు కట్టడం వచ్చా అని అడిగారు. ఆ పేరు వినడం అదే మొదలు. వచ్చన్నాను. వ్యాను వెనక్కి వెళ్లి, ఎవరినో బతిమాలి చూపించుకుని, నా చీరతోనే రెండుసార్లు కట్టి చూసుకుని హీరోయిన్‌కు కట్టాను. సాయంత్రం దాకా ఊడలేదు.

అలాంటి చోట పండిపోయిన నేను ఆ ఖాళీ గీతలు చూసి ఊరుకుంటానా? 'రాళ్లు'ను అడ్డంగా కొట్టేశాను. మిగిలిన ఏడింటినీ నింపాను. ఈత, గుర్రపు స్వారీ, భరతనాట్యం, వీణ, కత్తిసాము, కారు డ్రైవింగు, ఆరు భాషలు. ఏడో గీత అయిపోయినందుకు బాధపడ్డాను, ఇంకా విలువిద్య మిగిలిపోయింది. సంతకం పెట్టి, ఆ రోజే జూబ్లీహిల్స్‌లో ఒకరికి జాకెట్లు ఇవ్వడానికి వెళ్తూ కాలేజీలో ఇచ్చేసి వచ్చాను. ఇచ్చేశానులే అంటే పిల్ల నా మెడ చుట్టూ చేతులేసి మురిసిపోయింది. రెండు రోజులకు మేడమ్ దాన్ని పిలిచి ఫారం చూపించి, భోజనం వేళ దాటాక మీ అమ్మమ్మను తీసుకురా అంది. అప్పుడు మొదలైంది, ముందు మీరు విన్న పోట్లాట.

శకుంతల మేడమ్ చిన్న మనిషి. నెమ్మదిగా మాట్లాడుతుంది. అరిచేవాళ్లంటే నాకు లెక్కలేదు కానీ ఇలాంటివాళ్లంటే జంకు.

"కూసోండమ్మా," అంది. "హారికకు గివన్నీ వస్తయా?"

పిల్ల నేల చూపులు చూస్తోంది. నా నోరు నలభై ఏళ్ల అలవాటు కొద్దీ దానంతటదే తెరుచుకుంది. "వస్తాయండీ."

"వీణ యాడ నేర్చుకున్నది?"

"ఇంట్లోనేనండీ."

"ఇంట్ల వీణ ఉన్నదా?"

"మా గదిలో అంత చోటు లేదండీ."

"మరెట్ల నేర్చుకున్నది?"

"చూసి."

అంతలో ఆటల మాస్టారు ఎవరో చెబితే విని లగెత్తుకొచ్చాడు. ఆ కాలేజీ మొదలయ్యాక ఈత వచ్చిన పిల్ల దొరకడం ఇదే మొదటిసారట. ఏ రకం ఈత అని అడిగాడు. అన్ని రకాలూ అన్నాను. పోటీల్లో ఎప్పుడైనా పాల్గొందా అంటే, మాకు పోటీ ఎవరూ లేరన్నాను. ఎక్కడ ఈదుతుందని అడిగాడు. అబద్ధమాడడానికైనా నీళ్లుండాలి కదండీ. మా వీధి నల్లాలో బిందె నిండడమే గగనం. అందుకని వేసవిలో మాత్రమే ఈదుతుందని చెప్పి తప్పించుకున్నాను. ఆయన ఆనందంగా పేరు రాసుకుని వెళ్లాడు. కారు సంగతి వచ్చేసరికి, పదహారేళ్ల పిల్లకు లైసెన్సు ఎట్లా అని మేడమ్ అడిగింది. రోడ్డు మీద కాదండీ, సెట్లో, అన్నాను. సెట్లో కారును నలుగురు వెనకనుంచి తోస్తారని మాత్రం చెప్పలేదు.

మేడమ్ కోప్పడలేదు. కలానికి మూత పెట్టింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

"అమ్మా, శిబిరానికి ఒక్క పేరే పంపాలె. పిల్ల గురించి రాసిందంతా నిజమని కింద నేను సంతకం పెట్టాలె. నా మనసుల హారికనే ఉండె. గీ కాగితం చూసినంక నేను దేని మీద సంతకం పెట్టాలె చెప్పు."

శిబిరం అనే మాట నేను వినడం అదే మొదలు. హారిక వైపు చూశాను. అది ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండు, కసురుకునేదాన్ని. పెదవులు బిగించి, చేజారిన దాన్ని చూస్తున్నట్టు ఆ కాగితాన్ని చూస్తోంది.

మేడమ్ ఫారాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. "మొదటి గీత మీద ఏమో రాసి కొట్టేసిన్రు. ఏంది గది?"

"రాళ్లు, మేడమ్," అంది హారిక మెల్లగా.

మేడమ్ లేచి మమ్మల్ని బయటికి తీసుకెళ్లింది. గది వెనకాలే ఒక రాతిగుట్ట ఉంది, జూబ్లీహిల్స్‌లో అడుగడుక్కీ ఉండేలాంటిదే. ఒక బండ మీద ఇంకో బండ, ఇప్పుడో ఇంకాసేపటికో పడేటట్టు. ఎక్కి వచ్చిన ఆయాసానికి నేను దానికి చెయ్యి ఆనించి నిలబడ్డాను.

"చెప్పు బిడ్డా," అంది మేడమ్.

మా పిల్ల చెప్పింది. ఇంట్లో పది మాటలు కలిపి మాట్లాడని పిల్ల. గులాబీ రంగు గింజలు ఒక ఖనిజం, గాజులా మెరిసేవి ఒకటి, నల్లని పొరలు ఇంకొకటి అని వేలు పెట్టి చూపించింది. ఈ బండ ఒకప్పుడు భూమి లోపల ఎంతో లోతున కరిగి ఉండేదట. తొందర లేకుండా చల్లారింది కాబట్టే గింజలు ఇంత పెద్దగా ఉన్నాయట. దాని మీద ఉన్న నేలంతా వానలకు కొట్టుకుపోయి, కొట్టుకుపోయి, ఇది బయటపడిందట. ఎవరూ ఒకదాని మీద ఒకటి పెట్టలేదట, ఒకే బండ పగిలి అంచులు రాలి ఇలా రెండు గుండ్లయిందట.

"దీనికి రెండు వందల యాభై కోట్ల ఏళ్లుంటయ్ అమ్మమ్మా. అప్పటికి చెట్టు లేదు, చేప లేదు. గడ్డి గూడ లేదు."

నేను చెయ్యి తీసేశాను. పెద్దవాళ్ల భుజం మీద చెయ్యేసి నిలబడినట్టు అనిపించింది. నలభై ఏళ్లు రాజుల దుస్తులు, రాక్షసుల దుస్తులు, దేవతల దుస్తులు ఇలాంటి బండల మీదే ఆరేశాను. మడతపెట్టి తీసుకెళ్లాను. కాళ్లు చాపుకుని అన్నం తిన్నాను. ఒక్కనాడూ దాని వంక చూడలేదు. ఏ తొందరా లేక చల్లారి, కోట్ల ఏళ్లుగా ఉన్న బండ ముందు నిలబడితే, ఖాళీగా ఉన్నాయని నేను ఆత్రంగా నింపిన ఏడు గీతలూ గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ బండను చదవగల పిల్ల నా ఇంట్లో, నా పక్కన చాప మీద పడుకుంటోంది. ఎండ ఆ బండ మీద పడి చిన్న చిన్న మెరుపులు. బండకు దణ్ణం పెట్టాను. మా వీధివాళ్లు చూసి ఉంటే పండగ చేసుకునేవాళ్లు.

"అవన్నీ నేను రాశానండీ," అన్నాను చివరికి. "పిల్లకు వాటిలో ఒక్కటి కూడా రాదు. ఈ రాళ్ల మాట ఒక్కటే అది రాసింది. దాన్నే కొట్టేశాను."

మేడమ్ లోపలికెళ్లి కొత్త ఫారం తెచ్చి పిల్లకిచ్చింది. రేపు పొద్దుగాల తొమ్మిదింటికల్లా కావాలంది. పిల్ల తన చేత్తో రాయాలి. అడుగున పెద్దవాళ్ల మాట అని ఒక చోటుంది, అక్కడ నేను నా చేత్తో రాయాలి.

ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, కుట్టుమిషను మీద అరచెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. పంచభూతాలూ, సూదీ దారమూ సాక్షిగా, ఈ జన్మలో చదువు కాగితం మీద రానిది వచ్చని రాయను, రాయించను, రాసేవాళ్ల పక్కన కూర్చోను. సినిమావాళ్లు అడిగితే మాత్రం వేరే సంగతి. అది అన్నం పెట్టే అబద్ధం, దాన్ని ప్రమాణంలో కలపలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదికి ముందే ఇద్దరం మేడమ్ బల్ల ముందు నిలబడ్డాం. ఆవిడ పిల్ల రాసింది చదివింది. తర్వాత నేను రాసింది చదివింది. 'మొదటి ఫారంలోవి నా అబద్ధాలు. ఇందులోది నిజం. నేను కళ్లారా చూశాను.'

"మంచిగ రాసినవమ్మా. ఎందాక చదువుకున్నవ్?"

'పదో తరగతి' నోటిదాకా వచ్చింది. మింగేశాను. "నాలుగు," అన్నాను. "అదీ పరీక్ష రాయలేదు."

మేడమ్ కలం మూత తీసి సంతకం పెట్టింది.