ఇరవై మూడు దగ్గర ఆగిన బాపిరాజు

బాపిరాజు పటాన్‌చెరులో పవర్ సప్లైలు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి డిజైన్ ఇంజనీరు. భీమవరం వైపు నుంచి వచ్చి ఏళ్ళు గడిచినా, ఈ ఊళ్ళవాళ్ళకి పని చేతకాదన్న నమ్మకాన్ని మాత్రం వెంట తెచ్చుకున్న ఇత్తడి బిందెలా రోజూ తోముకుంటూనే ఉండేవాడు.

తొంభై నాలుగులో వైర్‌లెస్ సెట్ల కోసం ఒక కొత్త కన్వర్టర్ గీశాడు. పన్నెండు వోల్టుల బ్యాటరీ తగిలిస్తే ముప్పై ఆరు రావాలి. ఇరవై మూడు వచ్చి ఆగిపోయింది. వోల్టేజి పెంచే నాబ్ ఎంత తిప్పినా అంతే.

"కాయిల్ దరిద్రం," అన్నాడు, మూత పూర్తిగా తీయకుండానే.

కాయిళ్ళు చుట్టేది పక్కనున్న వెలిమెల ఊరి నుంచి వచ్చే పుష్పమ్మ. విప్పి మళ్ళీ చుట్టింది. ఇరవై మూడే. తీగ మార్పించాడు, చుట్లు పెంచమన్నాడు, తగ్గించమన్నాడు. ఇరవై మూడే.

"సార్, గిన్నిసార్లు సుట్టిన. నా ఏళ్ళు కోసుకపోతున్నయి గని వోల్టేజి పెరుగుతలేదు. జెర ఇంకేడనన్న సూడుర్రి."

"ఎక్కడ చూడాలో నువ్వు చెప్పాలా నాకు?"

సరుకు ఎప్పుడు పంపుతారని యజమాని త్రినాథరావు గట్టిగా అడిగిన రోజు, బాపిరాజు అందరినీ టెస్టింగ్ బల్ల దగ్గరికి పిలిచాడు. చక్కగా ముప్పై ఆరు ఇచ్చే పాత మోడల్ పెట్టె తెచ్చి, దాని కాయిల్ ఊడదీసి, పుష్పమ్మ చుట్టినది అతికించాడు.

"ఇప్పుడు ఇదీ చతికిలపడుతుంది, చూడండి!"

మీటరు ముప్పై ఆరు చూపించింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే కసురుకునే వీలైనా ఉండేది.

అందరూ వెళ్ళాక, మొదటి రోజే చేయాల్సిన పని అప్పుడు చేశాడు. లోపల కాయిల్‌కి కరెంటు క్షణక్షణం ఇస్తూ ఆపుతూ ఉండే స్విచ్చి మీద ఆసిల్లోస్కోపు పెట్టి, తెర మీద గీత చూశాడు. సగం కాలం ఆన్, సగం కాలం ఆఫ్. నాబ్ తిప్పినా సగం దాటడం లేదు. సగంతో బ్యాటరీ వోల్టేజి రెట్టింపే అవుతుంది, అందులో డయోడు కొంత మింగుతుంది. మూడు రెట్లు కావాలంటే స్విచ్చి ఇంకా ఎక్కువసేపు ఆన్‌లో ఉండాలి. దాన్ని నడిపించే చిప్ ఉండనివ్వడం లేదు. పాత పెట్టెలోని చిప్‌కీ దీనికీ నంబరులో చివరి అంకె ఒక్కటే తేడా. పెద్ద అంకె గనక మెరుగైన సరుకని, ఏరికోరి తెప్పించింది ఈ మహానుభావుడే.

పాత రకం చిప్ పెట్టగానే ముప్పై ఆరు వచ్చింది. "షాపువాడు తప్పు చిప్ అంటగట్టాడు, నేను పట్టేశాను," అని త్రినాథరావుకి చెప్పాడు. ఆయన భుజం తట్టాడు.

పుష్పమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. "గట్లయితే నా కాయిల్ మంచిదేనని అందరి ముందట ఒక్క మాట సెప్పుర్రి సార్."

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా? పని చూసుకో."

ఆమె వేళ్ళకి చుట్టుకున్న గుడ్డపీలికలు విప్పి బల్ల మీద పెట్టింది. "ఇగ మీరే సుట్టుకోర్రి."

మరుసటి వారం సంగారెడ్డిలో మోటార్లు రివైండింగ్ చేసే షాపులో చేరింది. కంపెనీలో కొత్తవాళ్ళు చుట్టిన కాయిళ్ళు చుట్లు వదులై కీచుమని మోగుతుంటే, బాపిరాజు వాళ్ళకి ఆ చిప్‌ని తాను పట్టుకున్న వైనం చెప్పేవాడు. చివర్లో నిట్టూర్చి, "ఇక్కడి ఆడవాళ్ళకి నిలకడ లేదయ్యా," అనేవాడు.