వైకుంఠం పదకొండు నొక్కులు

మా సంస్థ పేరు చెప్పను. చెప్తే నా పెన్షన్ కాగితాలు మళ్లీ మొదటి టేబులు దగ్గరికి వెళ్తాయి. ఉస్మాన్‌గంజ్ దగ్గర మూడంతస్తుల ఆఫీసు. మేం కట్టిన క్వార్టర్స్‌లో పైకప్పు కారినా, మోటారు కాలినా జనం మాకు ఫోను చేసేవారు. ఆ ఫోను ఎత్తేది వైకుంఠం. పుట్టుకతోనే చూపు లేదు. రోజూ ఉప్పుగూడ నుంచి బస్సు పట్టుకుని పదింటికల్లా సీట్లో ఉండేవాడు. చూపున్న మేం పదకొండుకు చేరేవాళ్లం. ట్రాఫిక్ కనపడుతుంది కదా మాకు.

పాత టెలిఫోను బోర్డులో ఏ లైను మోగితే ఆ లైను మూత టక్కుమని పడేది. వైకుంఠం వేలితో తడిమి ఏ లైనో చెప్పేసేవాడు. నాలుగువందల నంబర్లు నోటికి వచ్చు. 2004లో ఆ బోర్డు పీకేసి కంప్యూటరు పెట్టారు. అందరూ అతని మీద జాలిపడ్డారు. మా ఆఫీసులో దరఖాస్తు లేకుండా దొరికేది అదొక్కటే. వైకుంఠం మాత్రం సాయంత్రాలు ఎక్కడికో వెళ్లి, తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే ప్రోగ్రాం నేర్చుకొచ్చాడు. మౌసుతో పనిలేదు. ట్యాబు మీట నొక్కుతూ పోతే ఏ గడిలో ఉన్నాడో, ఏ బటన్ మీద ఉన్నాడో చెవిలో చెబుతుంది. ఆ బటన్‌కు పేరంటూ పెట్టి ఉంటే.

మా ఫిర్యాదుల సాఫ్ట్‌వేర్ రాసింది ఫణి, కాంట్రాక్టు కంపెనీ ప్రోగ్రామరు. బటన్ల మీద మాటలు మోటుగా ఉంటాయని బొమ్మలు పెట్టాడు. సేవ్ చేయడానికి ఫ్లాపీ బొమ్మ, చెరిపేయడానికి చెత్తడబ్బా బొమ్మ, ఇంకా ఏవేవో. ఏ బొమ్మకూ లోపల పేరు రాయలేదు. దాంతో వైకుంఠం చెవిలో ఆ యంత్రం రోజంతా "బటన్, బటన్, బటన్" అంటూనే ఉండేది.

ఏ బటన్ ఏదో తెలియట్లేదని వైకుంఠం చెప్తే ఫణి వారంలోనే స్పందించాడు. బటన్లన్నీ రెట్టింపు సైజు చేసి, ఎర్రరంగు వేశాడు.

"ఇప్పుడు బాగా కనపడుతున్నాయా సార్?" అని అడిగాడు.

"మస్తు కనపడుతున్నయ్ సార్. నాకు తప్ప అందరికి," అన్నాడు వైకుంఠం.

ఇక నేనే పక్కన కూర్చుని లెక్కపెట్టి చెప్పాను. ఫిర్యాదు నింపే చివరి గడి నుంచి పదకొండుసార్లు ట్యాబు, తర్వాత ఎంటర్. ఫిర్యాదు సేవ్ అయిపోతుంది. ఏడు నెలలు అలాగే నెట్టుకొచ్చాడు. సుచరితా, నువ్వెంత తెలివైనదానివే అని నాకు నేనే మురిసిపోయాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే ఒక సోమవారం ఫణి కొత్త వెర్షన్ వేశాడు. అందంగా ఉంటుందని ఫ్లాపీని, చెత్తడబ్బాను ఒకదాని చోట ఒకటి మార్చాడు. ఎవరికీ చెప్పలేదు. చూస్తే తెలుస్తుంది కదా. సేవ్ అయినా, చెరిగిపోయినా గడులు ఒకేలా ఖాళీ అవుతాయి. వైకుంఠం శుక్రవారం దాకా పదకొండు నొక్కి, ఎంటర్ కొట్టి, ముప్పై ఎనిమిది ఫిర్యాదులను శ్రద్ధగా చెత్తలో వేశాడు.

ఆ వారం ఫిర్యాదు ఒక్కటీ కంప్యూటర్లో లేదని బయటపడి, శనివారం మా ఆఫీసరు రాధాకృష్ణమూర్తిగారు అందరినీ పిలిచారు. బదిలీ కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది. వైకుంఠాన్ని స్టోర్సుకు పంపి, కుర్చీలు అల్లే పని ఇవ్వాలట. చూపులేనివాళ్లకు ఆ విద్య పుట్టుకతోనే వస్తుందని ఆయన నమ్మకం. వైకుంఠం జన్మలో కుర్చీ అల్లలేదు.

"నీ మంచికేనయ్యా. అక్కడ ఎవరూ నీ జోలికి రారు," అన్నారు.

"ఫోను గూడ రాదు గద సార్." ఇరవై రెండేళ్లు ఫోనెత్తిన మనిషి గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. తర్వాత నావైపు తిరిగాడు. "సుచరితక్కా, పోయినవి జర రాస్కో. నాలుగో బ్లాకు, నాగమణమ్మ, వంటింటి కప్పు కారుతున్నది..."

ముప్పై ఎనిమిదీ చెప్పాడు. పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరుతో సహా. నా చెయ్యి పడిపోయింది.

ఆఫీసరుగారి కళ్లు చెమర్చాయి. "దేవుడిచ్చిన జ్ఞాపకశక్తి. శాలువా తెప్పించండి, సన్మానం చేద్దాం. ఇంత గుర్తున్నవాడికి అసలు కంప్యూటరెందుకు?" అన్నారు. బదిలీ కాగితం మాత్రం పేపర్‌వెయిట్ కింద అలాగే ఉంది.

"శాల్వ ఒద్దు సార్," అన్నాడు వైకుంఠం. "రేపు నాకు జరమొస్తే నాగమణమ్మ ఇల్లు కారుడేనా? ఏ బటన్ ఏం జేస్తదో దాని పేరు రాయమనండి. గంతే."

"చిన్న పనే సార్," అన్నాడు ఫణి. "పేరు రాసే చోటు ప్రతి బటన్‌కూ ముందే ఉంటుంది. నేనే ఖాళీగా వదిలేశాను. ఎవరూ అడగలేదు కదా అని."

"ఏడు నెలల కిందట అడిగాడు. నువ్వు ఎర్రరంగు పూశావు," అన్నాను. ఆఫీసరుగారి ముందు గొంతు లేచింది, లేవనీ.

ఫణి కూర్చుని మొదట "బటన్ ఒకటి, బటన్ రెండు" అని రాయబోయాడు. కీబోర్డు లాక్కున్నాను. అతను చోటు చూపిస్తే నేను పేరు కొట్టాను. ఇరవై ఆరు బటన్లు, గోడ గడియారం ప్రకారం పద్దెనిమిది నిమిషాలు. ఆఫీసరుగారు బదిలీ కాగితం చింపలేదు లెండి, సొరుగులో పెట్టుకున్నారు. వైకుంఠం ఆ సీట్లోనే రిటైరయ్యేదాకా అది అందులోనే ఉంది.

ఆ శనివారమే వైకుంఠం మొదట నాగమణమ్మ ఫిర్యాదు ఎక్కించాడు. పదకొండు నొక్కాడు. "డిలీట్ కంప్లయింట్" అంది గొంతు. ఇంకొకటి నొక్కాడు. "సేవ్ కంప్లయింట్." ఎంటర్ కొట్టి, వేళ్లు కీబోర్డు మీదే ఉంచి అడిగాడు.

"అక్కా, గీ చెత్తడబ్బ ఇన్ని దినాల సంది నా పక్కపొంటే ఉండెనా?"

ఉండేది. లెక్కపెట్టిన రోజే పన్నెండోది ఏమిటో చూశాను. పాపం, భయపడతాడని చెప్పలేదు.