చిన్నబాపు మోకు మాయమైన పొద్దు

మా చిన్నప్పుడు... ఒకనాడు పొద్దుగాల్నే మా ఇంట్ల మోకు మాయమైంది.

మోకంటే తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకు, చెట్టుకు కలిపి వేసుకునే తాడు. మాది కల్లు గీసే ఇల్లు. మేడిపల్లి దిక్కు మా ఊరు. ఆ మోకు మా చిన్నబాపుది... అంటే మా బాపు తమ్మునిది.

చిన్నబాపు చెట్టు మీదికెళ్లి పడ్డడు. పానం దక్కింది గాని కాళ్లు సచ్చుబడ్డయ్. దవఖానకెళ్లి చక్రాల కుర్సీల ఇంటికచ్చిండు. అచ్చినకాన్నుంచి నోట్లెకెళ్లి మాట లేదు... ఒక్కసారి మాత్రం "నన్నెందుకు బతికిచ్చిర్రే" అన్నడు మా నాయినమ్మతోని. గా మాటకే ఆమెకు కంటికి నిద్ర లేకుంటయింది. మోకు తీసి అటుక మీదికి ఇసిరేసి, ఎవ్వలు ముట్టొద్దన్నది.

గా పొద్దున చూస్తే అటుక మీద మోకు లేదు. అర్ర ముంగట కుర్సీ లేదు. చిన్నబాపు లేడు.

"ఓరి నా కొడుకో... మోకు పట్టుకపోయిండురో!" అని నాయినమ్మ పెట్టిన బొబ్బకు వాడకట్టంత ఉరికచ్చింది.

ఇగ అందరం తాటివనం దిక్కు ఉరుకుడే. నాయినమ్మ ముంగట... చెప్పులు గూడ లేవు. చిన్నమ్మ ఏడ్సుకుంట ఎనుక. మా పక్కింటి మల్లేశం మామ, ఆయనది గూడ గీత పనే, ఉరుకుతనే అడిగిండు,

"ఓ అత్తా, కాళ్లు లేనోడు చెట్టెట్ల ఎక్కుతడే?"

"వాడు ఎక్కనీకె పోయిండంటవారా నువ్వు!" అన్నది నాయినమ్మ.

మల్లేశం మామ ఇంకింత జోరుగ ఉరికిండు.

వనంల ఒక్కొక్క చెట్టు కింద చూసినం. లేడు. చిన్నమ్మ ఆడనే కూలవడ్డది. నేను ఒక్కకాడ నిలిచేటోన్ని కాదు గదా... బాయి దిక్కు పొమ్మంటె ఇంటి దిక్కు ఉరికిన. ఎందుకురికిన్నో ఇప్పటికీ తెల్వదు.

ఇంట్ల ఎవ్వలు లేరు. గని ఇంటెనుకకెళ్లి సప్పుడు... టక్... టక్...

ఇంటెనుక అంత పిచ్చిచెట్లు, మెత్తటి మన్ను. ఆడికి కుర్సీ పోదని మాకు ఖాయం. గందుకే ఎవ్వలం చూడలే. నేను పోయి చూసిన.

చిన్నబాపు కుర్సీల నుంచి ముంగటికి ఒరిగిపోయి ఉన్నడు. తల కిందికి. నడుముకు మోకు. మోకు రెండో దిక్కు జామచెట్టుకు. సచ్చిపోయిండనుకున్న... గట్టిగ మొత్తుకున్న.

"ఎందుకురా లొల్లి? గా చిక్కుడు గింజలియ్యి" అన్నడు.

తల కిందికే ఉన్నది. చేతుల దోకుడుపార. మన్ను పెళ్లగిస్తున్నడు! పొద్దు పొడవకముందే పొడుగు దంటెకట్టెతోని అటుక మీది మోకు గుంజుకున్నడట. కుర్సీ కూరుకపోయినకాడల్ల మోకు జామచెట్టు మొదలుకేసి, గుంజుకుంట గుంజుకుంట ఆడిదాక పోయిండట.

"పడ్తవ్ చిన్నబాపూ!" అన్న.

"మోకుండంగ ఎట్ల పడ్త? చెట్టు మీద గూడ గింతే కదరా... మోకు మీద బరువేస్తే చేతులు రెండు ఖాళీ."

గాయినె నాతోని గన్ని మాటలు మాట్లాడుడు... పడ్డకాన్నుంచి గదే మొదలు. నేను గింజలు తీసి ఆయన చేతులేసిన.

గింతల నాయినమ్మ అచ్చింది. చూసింది. కింద మన్నుపెడ్డ దొరికితె తీసి కొట్టింది ఆయనను! "సావనీకె పోయినవనుకున్న గదరా!"

"చిక్కుడు పెట్టనీకె అచ్చిన్నే అవ్వా" అన్నడు.

నాయినమ్మ గా మన్నులనే కూసోని ఏడ్సింది. మల్లేశం మామ దగ్గరికి పోయి, మోకు ముడి గుంజి చూసి, ఇంకింత బిగిచ్చిండు. గంతే.

గా ఏడాది మా ఇంటెనుక చిక్కుడు పందిరి కుర్సీల కూసున్న చిన్నబాపు తల మీదికే ఉండె, చెయ్యందాలె గదా. మేమందరం వంగి పోవుడే... వంగకపోతే నెత్తికి దెబ్బ. "కుర్సీల కూసోని రార్రి, తల్గది" అని నవ్వుతుండె. బతుకమ్మకు మా వాడకట్టంతటికి బంతిపూలు చిన్నబాపు పెట్టిన చెట్లయే.

నేను బడి నడిమిట్లనే ఇడిసిపెట్టిన. సిరిసిల్లల సాంచెల మీద బట్ట నేసిన, అది గూడ ఇడిసిన. ఇప్పుడు కోరుట్లల ఆటో. నాయినమ్మ పోయి శాన ఏండ్లాయె.

మొన్న ఇల్లు కొత్తగ చేసినం. ఇంటెనుకంత సిమెంటు పోపిచ్చినం... చిన్నబాపు కుర్సీ మంచిగ తిరగాలెనని. అందరం ఖుషీ.

నిన్న ఇంటికి పోయిన. ఇంటెనుకకెళ్లి గదే సప్పుడు... టక్... టక్...

చిన్నప్పటి లెక్కనే ఉరికిన.

నడుముకు మోకు. మోకు కొత్త పిల్లరుకు. కుర్సీల నుంచి ముంగటికి వంగి, సుత్తె ఉలి పట్టుకోని, కొత్త సిమెంటు పలగ్గొడ్తున్నడు! గంపంత జాగ అప్పటికే పలిగింది. కింద నల్లగ మన్ను కనవడ్తున్నది.

"ఏంది చిన్నబాపూ గిది! నీకోసమే పోపిస్తిమి గదనే!"

"మంచిగనే పోసిర్రు కొడుకా. కుర్సీ జర్రున పోతుంది..." అని మన్ను మీద చెయ్యి పెట్టి అన్నడు. "పోయి ఏం జెయ్యాలె?"

 లోపలికెళ్లి చిన్నమ్మ తిడ్తనే ఉన్నది. నేను పోయి పిల్లరు కాడ ముడి గుంజి చూసిన... గట్టిగనే ఉన్నది.

గప్పుడు బాట లేకుండె, మన్నుండె. ఇప్పుడు అంత సాపు బాటనే... గింజ పెడ్దామంటె సిమెంటు పలగ్గొట్టి మన్ను ఎతుక్కోవాలె.

మీ ఇంటెనుక చిన్నప్పుడు ఏం కాస్తుండె? ఇప్పుడు గాడ మన్నున్నదా, సిమెంటున్నదా... జర చెప్పుర్రి.