ఒక సైటేషన్‌కి ఒక లడ్డు

మా మేడమ్ పోయారు. సోమవారం పొద్దున నేను పాఠం చెప్పడానికి క్లాసుకి వెళ్తుంటే గిలకలదిండి నుంచి పిన్ని ఫోన్ చేసింది. "అమ్మాయ్, మేడమ్మగారు ఇంక లేరంటమ్మా. గుడివాడలో, నిద్దట్లోనే పోయారంట," అని ఏడ్చింది. పిన్ని మాకు చుట్టం కాదు. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. మా ల్యాబుకి పరిశోధన కోసం ఆకు తెచ్చిచ్చేది, అందరం పిన్ని అనే పిలిచేవాళ్లం. ఇక మేడమ్ అంటే మందు ఒంట్లో ఏం చేస్తుందో పరీక్షించి చూడటం నాకు నేర్పిన గురువు.

ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే ఏడుపు రావాలి కదా. నాకు మాత్రం ముందు ఉత్సాహమే వస్తోంది. ఆవిడ అలాంటి మనిషి మరి!

బందరులో మా ల్యాబు మొత్తం రెండు గదులు. ఆవిడ అచ్చు వేయించిన పరిశోధన పేపర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మన పేపరును ఇంకెవరో తమ పేపర్లో పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు. పెద్ద పెద్ద చోట్ల అవి వందల్లో వస్తాయట. మాకు ఒక్కటొస్తే పండగ. మెయిల్లో కబురు రాగానే మేడమ్ కళ్లజోడు నెత్తి మీదకి తోసి, స్కూటీ తీసి, బజారుకెళ్లి ఒకే ఒక్క బందరు లడ్డు తెచ్చేవారు. ఎంతమందిమి ఉంటే అన్ని ముక్కలు.

"మనల్ని పొగిడారా మేడమ్, తిట్టారా?" అని నేను మొదటిసారి అమాయకంగా అడిగాను.

"తిట్టినా లడ్డు తినాల్సిందే. తిట్టాలంటే ముందు చదవాలి కదమ్మా!"

ఆ లడ్లలో చాలావరకు ఒకే పేపరు సంపాదించినవి. దివిసీమ కాలవగట్ల మీద ఒక తీగ పెరుగుతుంది. పేరు చెప్పను, చదివి సొంత వైద్యం మొదలుపెట్టేవాళ్లుంటారు. కాళ్లు వాస్తే దాని ఆకు కషాయం తాగడం పిన్ని వాళ్ల అలవాటు. మేడమ్ ఆ కషాయాన్ని ఎలుకలకిచ్చి, మూత్రం బాగా ఎక్కువైందని చూపించారు. వాపులో పట్టిన నీరు అలా బయటికి పోతుందని ఆశ. అది జరిగిన కొన్నేళ్లకి, ఆవిడ ప్రొఫెసర్ పోస్టు ఇంటర్వ్యూకి నెల కూడా లేని రోజులవి. ఆవిడ ఫైల్లో అన్నిటికన్నా పైన ఆ పేపరే ఉంది.

అప్పుడే ఆకు అయిపోయింది. మాది దివిసీమే కాబట్టి, సెలవులకి ఇంటికెళ్లి నేనే కోశాను. వరండాలో అమ్మ పాత చీర మీద ఎండేసి తెచ్చాను. ఎలుకలకిచ్చాను. ఏమీ జరగలేదు. మళ్లీ ఇచ్చాను, మళ్లీ అంతే. నాలుగు రోజులు ఎవరికీ చెప్పకుండా బిక్కుబిక్కుమంటూ తిరిగాను. ఆవిడ ఇంటర్వ్యూ నా నోట్‌బుక్కులో ఇరుక్కుపోయింది. ఐదో రోజు ఏడుస్తూ వెళ్లి ముందు పెట్టాను.

మేడమ్ అంకెలు రెండుసార్లు చూశారు. పిన్ని పాత పొట్లం అడుగున మిగిలిన ఆకు ఒకటి తీసి నాలుక మీద పెట్టుకున్నారు! ల్యాబులో ఏదీ నోట పెట్టొద్దని మొదటిరోజే మా చెవులు పిండిన మనిషి. తర్వాత నా ఆకు. ఒక్క ఎగురు ఎగిరారు.

"దొరికిందే! ఎక్కు బండి."

గిలకలదిండిలో చేపల వేలం కేకల మధ్యనుంచి పిన్ని ఇంటికెళ్లాం. ముంగిట్లో ఉప్పుచేపలు ఎండేసే బరకాలు. వాటి మీదే ఒక పక్క మా ఆకు. మేడమ్ వంగి ఇంకో ఆకు నోట్లో వేసుకున్నారు.

"అదేంటండీ మేడమ్మగారూ, ఆకలేస్తే చెప్పండి, అన్నం పెడతాను!" అంది పిన్ని కంగారుగా.

ఎలుకల చేత నీళ్లు వదిలించింది ఆకు కాదు, ఆకుకి పట్టిన ఉప్పు! ఇంకో ఊరి ల్యాబయితే పొట్లం విప్పగానే వచ్చే ఎండుచేపల వాసనకి అనుమానించేవాళ్లు. బందరులో ఆ వాసన ఎవరికి కొత్త? ఇన్నేళ్లుగా అది ఆకు వాసనే అనుకున్నాం. సంగతి తెలిసి పిన్ని నెత్తి కొట్టుకుంది. "తప్పు నీది కాదు పిన్నీ. ఎక్కడ ఎండేస్తున్నావని నేను అడగలేదు," అన్నారు మేడమ్.

ఆ వారమే ఆ పేపరును వెనక్కి తీసుకుంటున్నామని, దాన్ని అచ్చేసిన పత్రికకి ఉత్తరం రాశారు. నేను బతిమాలాను, ఇంటర్వ్యూ అయ్యాక పంపండి మేడమ్ అని.

"కాళ్లు వాచిన మనిషికి ఎవరైనా మన పేపరు చూసి ఇది తాగిస్తే? అసలే వాపు, దాని మీద ఉప్పు. ఒక్కరోజు కూడా ఆగకూడదు."

పోస్టు రాలేదు. "నాకూ బాధగానే ఉందే, లేదని ఎందుకు చెప్పాలి," అన్నారు ఇంటర్వ్యూ నుంచి వచ్చి. అంటూనే సంచిలోంచి లడ్డు తీశారు. తప్పు పట్టుకున్నందుకు అది నాకట. ముక్కలు చేయకుండా మొత్తం ఇచ్చారు. ఏడుస్తూ తిన్నాను.

తర్వాత ఇద్దరం రెండు పేజీల పేపరొకటి రాశాం, ఆకు ఎక్కడ ఎలా ఎండిందో ప్రతివాళ్లూ రాసి తీరాలని, ఉప్పు తగలని చోట తెల్లగుడ్డ మీద ఎండేయాలని. నా పేరు ముందు పెట్టారు. ఎక్కడ ఎండేస్తుందో దాచకుండా చూపించినందుకు పిన్నికి కృతజ్ఞతలు రాశారు. చిత్రమేమిటంటే, వెనక్కి తీసుకున్న పేపరుకి సైటేషన్లు వస్తూనే ఉన్నాయి! చూడకుండా ఎత్తి రాసేవాళ్లు అంతమంది. వాళ్లందరికీ మేడమ్ ఓపిగ్గా ఉత్తరాలు రాసేవారు. వాటికి లడ్డు లేదు. రెండు పేజీలది మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. రిటైరై గుడివాడ వెళ్లాక కూడా ఫోన్ చేసినప్పుడల్లా అదే ప్రశ్న.

"మన రెండు పేజీలు ఎవరైనా చదివారా?"

"ఇంకా లేదు మేడమ్."

"చదువుతార్లే. లడ్డు ఎక్కడికి పోతుంది!"

ఆవిడ పోయిన మూడు రోజులకి, గురువారం, గుడివాడ వెళ్లి తిరిగొస్తుంటే గుడ్లవల్లేరు దాటుతున్న బస్సులో నాకు మెయిల్ వచ్చింది. ఎవరో, ఎక్కడో, మా రెండు పేజీలను పేర్కొన్నారు. సీట్లోంచి లేచి నిలబడిపోయాను! ఆవిడ నంబరు నొక్కి, మోగకముందే గుర్తొచ్చి ఆపేశాను. నాకు అంత ఆనందం, అంత దుఃఖం ఒకేసారి ఎప్పుడూ రాలేదు.

బందరులో దిగి ఒక లడ్డు కొనుక్కుని పిన్ని ఇంటికెళ్లాను. విషయం చెప్పాను.

"తిట్టారా, పొగిడారా?" అంది పిన్ని. ఆ ప్రశ్న అక్కడిదాకా పాకిందన్నమాట.

"ఏదీ కాదు పిన్నీ. మనం చెప్పినట్టే ఆకును తెల్లగుడ్డ మీద ఎండేశారంట."

పిన్ని లేచింది. నన్ను వెనకవైపుకి తీసుకెళ్లింది. బరకాలకు దూరంగా, మేడమ్ ఎప్పుడో ఇచ్చిన తెల్ల దుప్పటి మీద ఆకు పలచగా పరిచి ఉంది. ఏళ్లుగా ఆ ఆకు మాకెవరికీ అక్కర్లేదు. సముద్రపు గాలికి దుప్పటి అంచు లేస్తుంటే పిన్ని వంగి, మూల మీద రాయి సరిచేసింది.