మందు కొట్టిన విమానం

మొన్న ఆదివారం పేపర్లో పేజీ నిండా విమాన ప్రయాణాల సంగతులు వేశారు. దిగేటప్పుడు కిటికీ రెక్కలు ఎందుకు తెరవమంటారు, లోపలి దీపాలు ఎందుకు తగ్గిస్తారు, వాలిన సీటును నిటారుగా ఎందుకు పెట్టమంటారు, ఇలా ప్రశ్నలూ జవాబులూ. వాటి పక్కన ప్రయాణికుల గోడు. ముందు సీటువాడు నా మోకాళ్ల మీద పడుకున్నాడని ఒకరు, కాఫీ చల్లారిందని ఒకరు, పక్కవాళ్ల పాప ఢిల్లీ దాకా ఏడ్చిందని ఇంకొకరు. మా ఆవిడ పైకి చదువుతూ నవ్వుతోంది, నేనూ నవ్వుతున్నాను. చివరి ప్రశ్న మాత్రం నన్ను ఆపేసింది. కొన్ని విమానాల్లో ప్రయాణికుల మీదుగా మందు ఎందుకు కొడతారు? దోమలు దేశం దాటి రాకుండా, మనుషులకు హాని ఏమీ లేదు అని జవాబు. రెండు వరుసల్లో అయిపోయింది. నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను.

మాది కోరుట్ల. అక్కను తంగళ్ళపల్లి ఇచ్చారు. బావ సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలు అంటారు. ఇరవై ఏళ్లు వాటి మధ్య నిలబడ్డ మనిషి కాబట్టి మామూలు మాట కూడా కేక వేసినట్టే మాట్లాడేవాడు. నూలు దుమ్ము ఛాతీలో చేరి, ఏ ఘాటు తగిలినా దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. తండ్రి సారా తాగి తాగి పోయాడని బావ కల్లు కూడా ముట్టలేదు. పెళ్లిళ్లలో అందరూ సీసాలు తెరిచే వేళకు ఆయన వంటల దగ్గరికి వెళ్లి గరిటె పట్టుకునేవాడు. సాంచాలు సరిగా నడవని కాలంలో, నలభై దాటాక, నేను స్టోర్ గుమాస్తాగా ఉన్న దుబాయి కంపెనీలోకే కూలిపనికి వచ్చాడు.

అందరూ దుబాయి గురించి చెప్పుకుంటే బావ విమానం గురించి చెప్పేవాడు. యంత్రమంటే ఆయనకు అంత ప్రేమ. ఎక్కిన దగ్గర్నుంచి చెవి గోడకు ఆనించి ఇంజను చప్పుడు వినేవాడు. "మస్తు నడుస్తుంది తమ్మీ, ఒక్క పోగు తెగుతలేదు," అనేవాడు. తలమీది దీపం వేసుకోబోయి పక్కనున్న మనిషి బొమ్మ మీట నొక్కితే ఎయిర్‌హోస్టెస్ వచ్చింది. ఆమె వెళ్లగానే మళ్లీ అదే నొక్కాడు. మూడోసారి ఆమె ముఖం చూసి, నిద్రపోతున్నవాడిలా కళ్లు మూసుకున్నాడు. ముందు సీట్లవాళ్లకీ మాకూ నడుమ తెర ఎందుకు వేస్తారని నేను అడిగితే, "మనం తినేది చూస్తే గా ముందటోళ్లకు ఆకలి సచ్చిపోతదని," అన్నాడు. హిందీలో చెప్తారు, ఇంగ్లీషులో చెప్తారు, అరబ్బీలో చెప్తారు, విమానం నిండా ఉన్నది జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల జనం అయితే తెలుగులో ఒక్క ముక్క చెప్పరేమని మాత్రం ప్రతిసారీ కోపం వచ్చేది. ఒకసారి ఇంటికి వస్తుంటే దిగేముందు డబ్బాలు పట్టుకుని మా తలల మీదుగా మందు కొట్టుకుంటూ పోయారు. బోయినపల్లి రైతు ఒకాయన మా వెనక కూర్చుని, "పత్తికి కొట్టినట్టు కొడుతున్నరు గదనే. మనమేమన్న పురుగులమా?" అన్నాడు. వరుసలన్నీ నవ్వాయి. బావ కూడా దగ్గుతూనే నవ్వాడు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో ఒక పొద్దున బావ తల్లి పోయిందని అక్క ఫోన్ చేసింది. మరుసటి తెల్లవారి విమానానికి ఇద్దరం బయల్దేరాం. పెద్దకొడుకు వచ్చేదాకా శవాన్ని ఆపుతామన్నారు. ఆ రోజే బంద్ పిలుపు. కోరుట్లలో గల్ఫ్ ప్రయాణికులను విమానాశ్రయానికి తీసుకెళ్లే డ్రైవర్ ఒకాయన ఉండేవాడు, మేము భాయ్ అనేవాళ్లం. "ఫికర్ చెయ్యకుండ్రి అన్నా. బంద్ మొదలుగాకముందే అచ్చి హైదరాబాదుల కూసుంట," అని ముందురోజు సాయంత్రమే కారు తీశాడు. విమానంలో బావ ఏమీ తినలేదు, మంచినీళ్లు కూడా తాగలేదు. గోడకు చెవి ఆనించలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, "సూస్తనంటవా తమ్మీ?" అని రెండుసార్లు అడిగాడు. చూస్తావు బావా అన్నాను.

దిగడానికి ఇంకా కాసేపు ఉందనగా డబ్బాలు వచ్చాయి. ఎయిర్‌హోస్టెస్ రెండు చేతులూ పైకెత్తి, రెండు డబ్బాలతో కొట్టుకుంటూ మా వరుస దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఉన్న గొంతులోకి ఆ ఘాటు పోయేసరికి బావకు దగ్గు అందుకుంది. ఊపిరి అందక బెల్టు విప్పుకుని లేచాడు, వెనక మరుగుదొడ్డి వైపు పోదామని. ఆమె ఇంగ్లీషులో కూర్చోమంది. "అమ్మా, గది ఆపమ్మా, దమ్ము ఆడుతలేదు," అని బావ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె చేతిలో డబ్బా ఎగిరి కిందపడింది. ఆమె కేక వేసింది. తప్పు ఆమెదని ఇప్పటికీ అనలేను. పెద్ద మనిషి మీదికి వచ్చాడని ఆమె నిజంగానే భయపడింది. నేను లేచి చెప్పబోతే ఇంకొకరు వచ్చి నన్నూ కూర్చోబెట్టారు. మేము దిగేసరికి తలుపు దగ్గర ఇద్దరు సెక్యూరిటీవాళ్లు నిలబడి ఉన్నారు.

ఒక గదిలో కూర్చోబెట్టారు. ఆ విమాన కంపెనీ అధికారి ఒకాయన బల్ల అవతల కూర్చుని, బావ చెప్పేది కాసేపు విని, "ఈయన భాష నాకు అర్థం కావడం లేదు, మీరు చెప్పండి," అని నా వైపు తిరిగాడు. దగ్గు సంగతి, తల్లి సంగతి చెప్పాను. ఆయన చెడ్డవాడేమీ కాదు, విసిగిపోయి ఉన్నాడు. బావకు అందని ఇంగ్లీషులోకి మారాడు. "దగ్గు అంటే డాక్టర్ చూడాలి, విచారణ జరగాలి. బంద్ కదా, డాక్టర్ ఇవాళ రాలేదు. రేపో ఎల్లుండో అవుతుంది. మద్యం మత్తులో చేశాను, క్షమించండి అని రాసివ్వండి. చాలామంది అలానే రాసిస్తారు. ఇక్కడితో అయిపోతుంది," అన్నాడు. ఫోన్ మోగుతోంది. భాయ్. "అన్నా, ఏడున్నరు? పొద్దెక్కినకొద్దీ రోడ్లు మూస్తరు." అప్పటికే మూడు గంటలు గడిచాయి. నేను కాగితం అడిగి తీసుకున్నాను. ఇంగ్లీషులో ఐదు వాక్యాలు రాశాను. గుమాస్తాను కదా, బాగానే రాశాను.

"ఏం రాసినవ్ తమ్మీ?" అన్నాడు బావ, కలం అందుకుంటూ.

"మందు వల్ల జరిగిందని రాసిన బావా. తప్పైందని."

"మందు వల్లనే గద," అని, తెలుగులో తన పేరు నెమ్మదిగా, గుండ్రంగా రాసి ఇచ్చాడు.

దారిపొడవునా రాళ్లు, టైర్లు. ఎక్కడ ఆపినా భాయ్ దిగి చేతులు జోడించి, "వీళ్ల అమ్మ పోయింది," అని చెప్పేవాడు, వాళ్లే రాళ్లు జరిపేవారు. సిద్దిపేట దాటాక ఒకచోట రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. మైకులో ఒకాయన, "మన మాటను ఎక్కిరిస్తే ఊకుందామా? మన మనిషిని తక్కువ జేస్తే ఊకుందామా?" అంటున్నాడు. జనం "ఊకోం, ఊకోం" అని అరుస్తున్నారు. వడ్డిస్తున్న ఒకామె కారు కిటికీ దగ్గరికి వచ్చి, "అన్నం తినకున్నా మంచినీళ్లన్న తాగు అన్నా," అని బావకు చెంబు ఇచ్చింది. ముందురోజు నుంచి ఆయన గొంతులో పడ్డ మొదటి నీళ్లు అవి. తాగి, మూతి తుడుచుకుని, కారులోంచే పిడికిలి ఎత్తి జై తెలంగాణ అన్నాడు. నా చెయ్యి లేవలేదు. నన్ను కూడా అనమన్నట్టు ఆమె చూస్తే తల దించుకున్నాను.

మేము తంగళ్ళపల్లి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇంటి ముందు ఎవరూ లేరు. కారు అటే శ్మశానానికి తిప్పాం. ఇక వేళ దాటుతుందని పెద్దలు అన్నారట, బావ తమ్ముడే తలకొరివి పెట్టాడు. మంట బాగా అందుకుని ఉంది. బావ దగ్గరికి పోబోతే నలుగురు పట్టుకున్నారు. "గంట సేపు ఆపలేకపోయిండ్రా," అని ఒక్కటే మాట అన్నాడు. ఎవరినీ తిట్టలేదు.

నెల తిరిగాక మళ్లీ దుబాయి ప్రయాణం. కోరుట్లలో టికెట్లు తీసే ఏజెంటు దగ్గరికి ఇద్దరం వెళ్లాం. నా టికెట్ అయింది. బావది కాలేదు. ఏజెంటు ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడి పెట్టేసి, దుకాణంలో పదిమంది ఉండగానే, "ఏంది కాకా, పోయినసారి విమానంల తాగి లొల్లి చేసినవట. నువ్వే రాసిచ్చినవట గద. గందుకే నీ పేరు ఆపిండ్రట," అన్నాడు.

బావ పెద్దగా నవ్వాడు. "నేనా? తాగుడా? అరే, గీయనకు చెప్పు తమ్మీ," అని నా వైపు తిరిగాడు.

నేను నా టికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాను. అందరూ చూస్తున్నారు. ఆయన ముఖంలో నవ్వు అలాగే కాసేపు నిలబడి, మెల్లగా పోయింది. బయటికి వచ్చి బస్టాండుకు నడిచాం. బస్సు ఎక్కేముందు అన్నాడు. "నన్ను అడిగితే రెండు రోజులైన ఆడ్నే కూసుంటుంటి గద. అవ్వ ఎట్లైన పోయింది. ఆమె పోయిన నాడే నన్ను మా నాయన లెక్క చేసినవ్." బావా అని మాత్రం అన్నాను. ఆయన వినలేదో, విననట్టు ఉన్నాడో.

దుబాయి పని అక్కడితో ఆగింది, బావ మళ్లీ సాంచాల మీదికే పోయాడు. అక్కకు ఏం జరిగిందో ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. రాష్ట్రం వచ్చిన రోజున సిరిసిల్ల అంతా పటాకులు కాలుస్తుంటే మిఠాయి పట్టుకుని వెళ్లాను. "రండి, కూసోండి. పాణం బాగుందా మీకు?" అన్నాడు. అంతకుముందు ఎన్నడూ నన్ను మీరు అనలేదు, ఆ తర్వాత తమ్మీ అనలేదు. పెళ్లిళ్లలో ఇప్పటికీ ఎదురుపడతాం. కుర్చీ జరిపి చోటిస్తాడు, ఏ మర్యాదా తక్కువ చేయడు. ఒక మధ్యాహ్నం కొన్ని గంటలు కలిసివస్తాయని రాసిన ఐదు వాక్యాలు అవి. గంటలు కలిసిరాలేదు, ఏళ్లు మాత్రం ఒక్కొక్కటే పోతున్నాయి.