ఆయన నంబరుకు వెళ్లిన ఓటీపీ

మా ఆయన లారీ డ్రైవరు. బద్వేలు రోడ్డులో లారీ ఎక్కడ ఆపినా ఫొటో తీసుకునేవాడు. ఆయన పోయాక ఉదయగిరిలో ఒక్కదాన్నే ఉంటూ, రోజూ ఆయన ఫోను తెరిచి ఆ ఫొటోలే చూసుకునేదాన్ని. ఎవరూ మాట్లాడని నంబరు కదా అని రీచార్జి మాత్రం మానేశాను. మొన్నామధ్య ఆ ఫోనూ చెడిపోయింది.

ఆత్మకూరు సెల్ షాపులో అబ్బాయి, "ఫొటోలు అన్న అకౌంట్లో భద్రంగా ఉండాయక్కా. అన్న నంబరుకు ఓటీపీ పంపించినాను, అది చెప్తే చాలు" అన్నాడు. ఆగిపోయిన నంబరేగా అనుకుంటూనే నా ఫోన్లోంచి చేశాను. రింగయింది! ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఎత్తింది ఎవరో కొత్తమనిషి. కంపెనీవాళ్లు ఆ నంబరు అతనికిచ్చేశారట. స్పీకరు పెట్టి, "అన్నా, మా ఆయన ఫొటోల కోసం ఒక ఓటీపీ..." అన్నానో లేదో, "ఓటీపీ అడిగేదానికి సిగ్గులేదా? దొంగముఖమా!" అని అరిచాడు. షాపులో అందరూ నావైపు తిరిగారు. అతని తప్పేం లేదు. అతని స్థానంలో నేనున్నా చెప్పను.

మీవాళ్ల ఫొటోలు ఈరోజే పెన్‌డ్రైవులోకి ఎక్కించి బీరువాలో పెట్టుకోండి.

అతను తిడుతున్నంతసేపూ నా స్క్రీను మీద, ఆ నంబరుకు పెట్టుకున్న మా ఆయన ఫొటో నవ్వుతూనే ఉంది. నాకు మిగిలింది ఆ ఒక్కటే.

– సుగుణమ్మ, ఉదయగిరి