తన పేరుకు సున్నం

1948 సెప్టెంబరులో వాడి జంక్షను లైను మీద వెళ్లిన రైలింజను తిరిగి రాలేదు. అందులో బొగ్గు వేసే ఫైర్‌మన్ జకర్యా కూడా రాలేదు. యూనియన్ సైన్యం వచ్చిన వారం అది. పోలీసు యాక్షన్ అన్న మాట ఆ తర్వాత వినబడింది. సీతాఫల్‌మండిలోని ఇంటికి అతని టిఫిను క్యారియరు మాత్రం చేరింది, సొట్టలు పడి. అక్టోబరు చివరిదాకా చూసి, తల్లి కాంతమణి దాన్నే భర్త సామ్యూల్ సమాధిలో పాతిపెట్టించింది. రాతి మీద భర్త పేరు కింద కొడుకు పేరు చెక్కించింది. నవంబరు రెండున వచ్చే సమాధుల పండుగలోగా పని పూర్తి కావాలని రాయి కొట్టేవాడి పక్కన తానే కూర్చుంది.

క్రిస్మసుకు వారం ముందు జకర్యా నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. తల పగిలి, ఊరూ పేరూ చెప్పలేక మూడు నెలలు సోలాపురం ఆసుపత్రిలో పడి ఉన్నాడు. భార్య దేవకృప, చంకలో నెల పిల్లతో గుమ్మంలోకి ఉరికొచ్చింది. కాంతమణి బియ్యం చేట పక్కన పెట్టి లేచి, కొంగు సర్దుకుంది.

"ఎవరు గావాలె మీకు?"

"అమ్మా, నేనే."

"కూసోండి. దూరంకెల్లి వచ్చినట్టున్నరు. మంచినీళ్లు తాగుతరా?"

"ఏంది అత్తమ్మా, పరాచికాలా? కన్నకొడుకును 'మీరు' అంటరేంది?" దేవకృప ఏడుస్తూనే నవ్వింది.

"మా పిలగాన్ని పాతిపెట్టొచ్చిన. ఈయనెవరో పెద్దమనిషి. జెర అన్నం పెట్టు."

కాంతమణికి మతి పోయిందనడానికి లేదు. మందిరంలో పాటలన్నీ పుస్తకం చూడకుండా పాడేది. ఆ నెల పిల్ల, మనవరాలు మేబెల్ పెద్దయ్యాక అక్షరాలు దిద్దించింది. కొడుకుకు మాత్రం, చుట్టపుచూపుగా వచ్చినవాడికి వడ్డించినట్టు, కూరలో మంచి ముక్క ముందు వేసి "తినండి" అనేది. మేబెల్ వీధిలో నాన్నా అని పిలిచేది, నానమ్మ ముందు ఏమనీ పిలిచేది కాదు. జకర్యాకు కావలసింది ఒక్కటే. తల్లి ఒక్కసారి "అరే జకర్యా" అనాలి.

ఏటా సమాధుల పండుగ పొద్దున రాతికి సున్నం వేసి అక్షరాలకు నల్లరంగు దిద్దడం కొడుకు పని. ఇంట్లో మరో మగవాడు లేడు. తన పేరు తానే దిద్దేవాడు. మొదటి ఏడు సున్నం చిక్కగా కలిపి తన అక్షరాలు పూడ్చేశాడు. మరుసటి ఏటికి వాన కడిగేసింది. సామ్యూల్ పేరు అరిగింది. దాని కిందిది నిన్న చెక్కినట్టుంది.

"ఈ పేరు తీసేస్తనమ్మా," అనేవాడు ఏటా.

"వద్దయ్యా. అది మా పిలగానిది. జెర మంచిగ దిద్దుండ్రి."

పదకొండో ఏడు ఆమెను రిక్షాలో తెచ్చి రాతి అంచున కూర్చోబెట్టారు. ఎండ బాగా వచ్చింది. దూరంగా ఎవరో పాట ఎత్తుకున్నారు. జకర్యా తన పేరులో చివరి అక్షరం దిద్దుతున్నాడు.

"అరే జకర్యా," అంది కాంతమణి.

కుంచె ఆగింది. అతను తలెత్తాడు. తల్లి కళ్లు అతని మీద లేవు. అతని భుజం మీదుగా గేటు దారి వైపు చూస్తున్నాయి.

"ఇంతసేపా బిడ్డా? నాయన ఎప్పటిసంది చూస్తుండు. దా, ఇటు రా."

వెనక్కి తిరిగి చూశాడు. దారి ఖాళీగా ఉంది.

"ఎవరొస్తున్నరు నాన్నా?" అంది పక్కనే ఉన్న మేబెల్, నానమ్మ ముందు మొదటిసారి అలా పిలిచి.

జకర్యా కుంచె కింద పెట్టాడు. దారికి అడ్డంగా ఉన్న సున్నం బకెట్టును జరిపి, తానూ కాస్త పక్కకు తప్పుకున్నాడు.